లేక్ డిస్ట్రిక్ట్‌లో ఏ అడవికి వెళ్ళాలి? చేతిలో ఒక్కరోజే ఉన్నవాళ్ళకు నా సలహా

వేసవి వచ్చిందంటే మాంచెస్టర్, లీడ్స్, బర్మింగ్‌హామ్‌లలోని తెలుగు ఇళ్ళలో ఒక ప్రయాణం ఖాయం. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తారు. తెల్లవారుజామున లేచి పులిహోర కలుపుతారు. ఇంగ్లండ్ వాయవ్యాన కొండలు, సరస్సులున్న లేక్ డిస్ట్రిక్ట్‌కు కారు బయలుదేరుతుంది. సరస్సు గట్టునున్న బౌనెస్ అనే ఊళ్ళో దిగి, విండర్‌మీర్ సరస్సు మీద పడవ ఎక్కి, గట్టున ఐస్‌క్రీం తిని, చీకటి పడకముందే తిరుగు ముఖం పడతారు. ఆ సరస్సు అందమైనదే, కాదనను. అయితే కొండలకూ నీళ్ళకూ మధ్య పరుచుకున్న పాత అడవుల్లో ఒక్క అడుగైనా వేయకుండా చాలామంది వచ్చేస్తున్నారు. నేను కూడా మొదటి మూడు ప్రయాణాల్లో అదే చేశాను. నాలుగోసారి వాన పట్టుకోవడంతో పడవ మానుకుని చెట్ల కిందికి వెళ్ళాను. అప్పటి నుంచి ఎవరు అడిగినా ముందు అడవి గురించే చెబుతున్నాను.

వెంటనే వచ్చే ప్రశ్న, ఏ అడవి అని. ఫోనులో మ్యాపు తెరిస్తే అంతా ఒకే ఆకుపచ్చగా కనిపిస్తుంది. నేల మీద మాత్రం రెండు వేర్వేరు లోకాలున్నాయి. ఓక్, బర్చ్, హేజెల్ లాంటి వెడల్పాటి ఆకుల చెట్లు తమంతట తాము తరతరాలుగా పెరిగిన అడవి ఒకటి. స్ప్రూస్, లార్చ్ లాంటి సూదాకుల చెట్లను కలప కోసం వరుసల్లో నాటిన తోట మరొకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో కలపకు కరువొచ్చాక 1919లో బ్రిటన్ ప్రభుత్వం అటవీ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. త్వరగా ఎదిగే సూదాకుల చెట్లు కొండలను కప్పేయడం అప్పటి నుంచే ఊపందుకుంది. ఈ ప్రాంతాన్ని ప్రేమించినవాళ్ళు గట్టిగా అభ్యంతరం చెప్పారు. చివరికి 1936లో, నడిబొడ్డు లోయల్లో కొత్త తోటలు వేయకూడదని ఒప్పందం కుదిరింది. ఈ రోజు మనం చూడగలిగే ఓక్ అడవుల్లో కొన్ని ఆ లోయల్లోనే ఉన్నాయి.

తేడా పట్టుకోవాలంటే తల దించి నేలను చూడండి. సూదాకుల తోటలో నేల గోధుమ రంగులో ఉంటుంది. రాలిన సూదులు తప్ప పెద్దగా ఏమీ మొలవవు. ఓక్ అడవిలో రాళ్ళ మీద నాచు, దాని మీద ఫెర్న్ మొక్కలు, వాటి మధ్య చిన్న పూలు ఉంటాయి. ఖాళీ నేల కోసం వెతకాల్సిందే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన నల్లమలలో చెట్లు ఎండలకు, నీటి కొరతకు ఆకు రాలుస్తాయి. మార్చిలో శ్రీశైలం ఘాటు ఎక్కినవాళ్ళకు ఆ బోసి కొమ్మలు తెలుసు. ఇక్కడి ఓక్ చెట్టుకు నీటి కొరత అరుదు. వెలుతురు తగ్గి చలి ముదిరినందుకు అది ఆకు రాలుస్తుంది. అందుకే రంగు మారడం అక్టోబరులో మొదలై నవంబరులో ముగుస్తుంది.

బారోడేల్: అసలైన అడవి కావాలనుకునేవాళ్ళకు

మోకాళ్ళు బాగుండి, రోజంతా నడవగలిగినవాళ్ళు ఇంకేమీ ఆలోచించకుండా బారోడేల్ లోయకు వెళ్ళండి. కెస్విక్ అని రాసి కెజిక్ అని పలికే చిన్న పట్టణానికి దక్షిణాన డెర్వెంట్‌వాటర్ సరస్సు ఉంది. అది దాటగానే లోయ సన్నబడుతుంది. డెర్వెంట్ అనే పేరు వెనుక ఓక్ చెట్లు అనే అర్థమున్న పాత మాట ఉందని భాషావేత్తలు చెబుతారు. లోయలోని ఊళ్ళ పేర్లు చూడండి: రాస్త్‌వెయిట్, స్టోన్‌త్‌వెయిట్, సీత్‌వెయిట్. చివరనున్న ‘త్‌వెయిట్’ స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ మాట. చెట్లు కొట్టి చదును చేసుకున్న నేల అని దాని అర్థం. మన మాటల్లో పోడు అనుకోవచ్చు. అంటే వేయేళ్ళ కిందట ఈ లోయ చాలావరకు అడవే. పోడుకు పనికిరాని రాళ్ళ వాలుల్లో మిగిలిన ముక్కలే ఇప్పుడు మనం నడిచే అడవులు.

ఈ చెట్లు మామూలు ఓక్ చెట్లలా ఉండవు. కాండం నుంచి కొమ్మ చివరిదాకా నాచు తొడుక్కుని ఉంటాయి. ఆ నాచు మీద, శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే లైకెన్లు, కొమ్మల మీదే వేళ్ళూనుకున్న ఫెర్న్ మొక్కలు. మనిషి ఊపిరితిత్తిలా ముడతలు పడి, ఆకుపచ్చగా వేలాడే లైకెన్ ఒకటుంది. గాలి ఎంతో శుభ్రంగా ఉన్నచోటే అది బతుకుతుంది. దీన్ని సమశీతోష్ణ వర్షారణ్యం అంటారు. వర్షారణ్యం అంటే అమెజాన్ అనుకునే మనకు వింతగా ఉంటుంది కానీ, వానే లెక్క. సీత్‌వెయిట్‌లో ఏడాదికి మూడు మీటర్లకు పైగా వాన పడుతుంది. ఇంగ్లండ్‌లో జనం నివసించే చోట్లలో అంతకంటే తడి ఊరు లేదని పేరు. హైదరాబాద్‌లో ఏడాదంతా కురిసే వానకు ఇది దాదాపు నాలుగింతలు. కొన్ని మైళ్ళు కిందికి వచ్చి కెజిక్‌లో కొలిస్తే ఇందులో సగమే. లోయ తలాపున ఉన్న కొండలు అట్లాంటిక్ మేఘాలను అడ్డుకుని అక్కడే పిండేస్తాయి. 2024లో ఈ అడవులను కలిపి జాతీయ ప్రకృతి రిజర్వుగా ప్రకటించారు.

నేను సూచించే నడక ఇది. కెజిక్ నుంచి 78వ నంబరు బస్సు లోయ చివరి సీటోలర్ దాకా వెళ్తుంది. అక్కడ దిగి జానీ వుడ్ గుండా రాస్త్‌వెయిట్ వైపు కిందికి నడవండి. మూడు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మధ్యలో ఒకచోట దారి నది అంచున నున్నటి రాళ్ళ మీదుగా పోతుంది. పట్టుకోవడానికి బండకు గొలుసు బిగించి ఉంటుంది. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉంటే ఆ ముక్క వద్దు. రాస్త్‌వెయిట్‌లోనే దిగి, అక్కడి నుంచి గ్రేంజ్ దాకా నది వెంట నడవండి. ఈ రెండో భాగం కూడా మూడున్నర కిలోమీటర్లే. కాసిల్ క్రాగ్ అనే చిన్న గుట్ట పాదాన ఓక్ చెట్ల నీడలో సాగుతుంది. కింద డెర్వెంట్ నది నీళ్ళు ఎంత తేటగా ఉంటాయంటే, అడుగున రాళ్ళను లెక్కపెట్టవచ్చు. గుట్ట పైకి దారి ఉంది కానీ చివర్లో పలకరాళ్ళ చెత్త మీద నిటారుగా ఎక్కాలి. అడవి కోసం వచ్చినవాళ్ళకు ఆ ఎక్కుడు అవసరం లేదు.

ఏప్రిల్ చివర నుంచి జూన్ తొలి వారాల దాకా వెళ్తే చెవులు కూడా తెరిచి ఉంచండి. పైడ్ ఫ్లైక్యాచర్, రెడ్‌స్టార్ట్, వుడ్ వార్బ్లర్ అనే మూడు చిన్న పిట్టలు పశ్చిమ ఆఫ్రికా నుంచి ఎగిరొచ్చి ఈ ఓక్ అడవుల్లోనే గూళ్ళు పెట్టుకుంటాయి. వుడ్ వార్బ్లర్ పాట, గాజు పళ్ళెం మీద నాణెం గిర్రున తిరిగి ఆగినట్టు ఉంటుంది. ఒకసారి వింటే మళ్ళీ మరచిపోరు.

లోపాలు కూడా చెప్పాలి. ఫోను సిగ్నల్ చాలాచోట్ల అందదు. తిండి దొరికే చోట్లు తక్కువ. కారు నిలిపే స్థలాలు వేసవి శనివారాల్లో ఉదయం పదికే నిండిపోతాయి. రోడ్డు ఇరుకు కావడం వల్ల అంచున ఆపితే బస్సుకూ, అంబులెన్సుకూ దారి ఉండదు. అందుకే కెజిక్‌లో కారు పెట్టి బస్సు ఎక్కమంటాను.

బ్రాండెల్‌హౌ: అమ్మానాన్నలతో వెళ్ళేవాళ్ళకు

అరవై దాటినవాళ్ళు వెంట ఉంటే నా మొదటి ఓటు దీనికే. అదే డెర్వెంట్‌వాటర్‌కు పడమటి గట్టున ఉంటుంది. చేరుకోవడమే సగం ఆనందం. కెజిక్ రేవులో చిన్న లాంచీ ఎక్కితే సరస్సు చుట్టూ ఒక్కో రేవులో ఆగుతూ పోతుంది. హై బ్రాండెల్‌హౌలో దిగి, నీళ్ళ పక్కనే చెట్ల కింద ఉత్తరంగా నడిచి, లో బ్రాండెల్‌హౌలోనో హాస్ ఎండ్‌లోనో మళ్ళీ లాంచీ ఎక్కవచ్చు. అలసిపోతే ముందు రేవులోనే ఆపేయవచ్చు. పెద్దవాళ్ళతో నడిచేటప్పుడు ఇది ఎంత ధైర్యమో, మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళకే తెలుస్తుంది. బౌనెస్ పడవ వదులుకోవడం ఇష్టం లేనివాళ్ళకు కూడా ఇక్కడ పడవా దక్కుతుంది, అడవీ దక్కుతుంది.

ఈ చెట్ల మధ్య ఎవరైనా స్వేచ్ఛగా నడవగలగడం వెనుక ఒక పోరాటం ఉంది. సరస్సుల గట్లన్నీ ధనికుల భవంతులకు పోతున్న రోజుల్లో కానన్ రాన్‌స్లీ అనే మతగురువు, ఆక్టేవియా హిల్ అనే సంఘ సంస్కర్త, మరికొందరు కలిసి 1895లో నేషనల్ ట్రస్ట్‌ను స్థాపించారు. లేక్ డిస్ట్రిక్ట్‌లో ఆ సంస్థ కొన్న మొదటి భూమి ఈ బ్రాండెల్‌హౌనే. ప్రజల నుంచి చందాలు పోగు చేసి 1902లో అందరికీ తెరిచారు. మాలో పల్లెటూరి చెరువు గట్టు చూసి పెరిగినవాళ్ళకు, నీటి ఒడ్డు అందరిదీ కావడం సహజంగా తోస్తుంది. ఇక్కడ దాన్ని డబ్బు పెట్టి కొని నిలుపుకోవాల్సి వచ్చింది. వందేళ్ళు నిండినందుకు గుర్తుగా, దోసిలి పట్టిన రెండు చేతుల ఓక్ శిల్పం ఆ దారిలోనే ఉంచారు. మా నాన్నగారు ఆ దోసిట్లో కూర్చుని పెరుగన్నం తిన్నారు.

అడవి లోతు మాత్రం బారోడేల్‌ది కాదు. ఇక్కడ సూదాకుల చెట్లు కూడా కలిసి ఉంటాయి. నాచు అంత దట్టం కాదు. వాన తర్వాత వేళ్ళు, రాళ్ళు జారతాయి కాబట్టి పట్టున్న బూట్లు ఉండాలి. చీర కట్టుకునే అమ్మలు చెప్పులతో వస్తామంటే ఒప్పుకోకండి.

ఎయిరా ఫోర్స్: జలపాతం మీద మనసున్నవాళ్ళకు

అల్స్‌వాటర్ సరస్సు పక్కన, కొండ కోసుకుని ఇరవై మీటర్లు దూకే జలపాతం ఇది. ‘ఫోర్స్’ అంటే స్కాండినేవియా మాటలో జలపాతమే. పైనా కిందా రాతి వంతెనలు, చుట్టూ మెట్ల దారులు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా వెళ్ళే చోట్లలో ఇదొకటి. ఫొటోలకు నిరాశ ఉండదు. వాన కురిసిన మర్నాడు వెళ్తే జలపాతం ఊగిపోతుంది.

ఇక్కడ చెట్లు గొప్పవే. అయితే వాటిలో చాలావరకు మనుషులు నాటి పెంచిన ఉద్యానం. హోవార్డ్ కుటుంబం పంతొమ్మిదో శతాబ్దంలో దేశవిదేశాల చెట్లు తెచ్చి పెట్టించింది. పెద్ద పెద్ద సూదాకుల చెట్లు అలా వచ్చినవే. అదృష్టముంటే ఎర్ర ఉడుతలు కనిపిస్తాయి. నగరాల్లో మనం చూసే బూడిద రంగు ఉడుత అమెరికా నుంచి వచ్చింది. ఎర్రది ఈ నేలది. ఇంగ్లండ్‌లో అది మిగిలిన కొద్దిచోట్లలో ఈ ప్రాంతం ఒకటి. సెలవు రోజుల్లో మాత్రం జలపాతం హోరుకంటే జనం హోరే ఎక్కువ వినిపిస్తుంది. పొద్దున్నే తొమ్మిదిలోపు చేరగలిగితేనే వెళ్ళండి. లేదంటే గ్లెన్‌రిడింగ్‌లో కారు ఉంచి స్టీమర్‌లో రండి.

చిన్నపిల్లలు, తోపుడు బండి, చక్రాల కుర్చీ

వీళ్ళకు టార్న్ హౌస్ సరిపోతుంది. కానిస్టన్‌కు దగ్గర్లో కొండ మీద ఉన్న చిన్న సరస్సు చుట్టూ దాదాపు మూడు కిలోమీటర్ల చదును దారి ఉంది. చక్రాలు హాయిగా సాగుతాయి. ఈ అందం ప్రకృతి ఇచ్చినట్టే ఉంటుంది కానీ, చిన్న చిన్న మడుగులకు పంతొమ్మిదో శతాబ్దంలో కట్ట వేసి ఒక సరస్సుగా చేశారు. చుట్టూ ఉన్నవి ఎక్కువగా నాటిన సూదాకుల చెట్లే. కాబట్టి వెడల్పాకుల అడవి చూశామని చెప్పుకోవడానికి ఇది కుదరదు. బొమ్మలో బాగుండే చోటు, అంతే.

ఐదారేళ్ళు దాటిన పిల్లలకు గ్రైజ్‌డేల్ మంచిది. విండర్‌మీర్, కానిస్టన్ సరస్సుల మధ్య ఉన్న పెద్ద అటవీ తోట ఇది. 1970ల చివరి నుంచి ఇక్కడ చెట్ల మధ్య శిల్పాలు పెడుతున్నారు. పిల్లలు వాటిని వెతుక్కుంటూ ఎంత దూరమైనా నడుస్తారు. సైకిళ్ళు అద్దెకిస్తారు, కాఫీ, మరుగుదొడ్లు ఉన్నాయి. పెద్ద భాగం సూదాకులదే అయినా పాత ఓక్ ముక్కలు అక్కడక్కడ దొరుకుతాయి. వాటిలో ఒకే మొదలు నుంచి నాలుగైదు కాండాలు లేచిన చెట్లను పిల్లలకు చూపించండి. పూర్వం చెట్టును మొదలంటా నరికి, పదిహేను ఇరవై ఏళ్ళకు పిలకలు ఎదిగాక మళ్ళీ కొట్టేవారు. ఆ కర్రతో బొగ్గు కాల్చి ఇనుము కొలుములకు పంపేవారు. బెరడు తోళ్ళు పదును చేయడానికి, సన్నకర్ర నూలు మిల్లుల కండెలకు పోయేది. లాంకషైర్ మగ్గాలు తిరిగిన రోజుల్లో దారం చుట్టుకున్న కండెల్లో ఎన్నో ఈ ప్రాంతపు చెట్లవే. వాలుల్లో అక్కడక్కడ గుండ్రంగా చదునుచేసిన నేల కనిపిస్తే అది బొగ్గుబట్టీ వేసిన చోటు. కాలితో కాస్త గీరితే మన్ను ఇప్పటికీ నల్లగా ఉంటుంది.

కారు లేని విద్యార్థులకు

రైల్లో విండర్‌మీర్ దిగి 555 బస్సు ఎక్కండి. ఆంబుల్‌సైడ్ దాటాక రైడల్, గ్రాస్‌మీర్ సరస్సుల మధ్య వైట్ మాస్ దగ్గర బస్సు ఆగుతుంది. రోడ్డు దాటితే చాలు, రాథే నది ఒడ్డున ఓక్, బర్చ్, బీచ్ చెట్లు. నది దాటి ఒక సరస్సు పక్కగా వెళ్ళి రెండో సరస్సు పక్కగా తిరిగిరావచ్చు. ఖర్చు తక్కువ, దారి తప్పే భయం లేదు, మధ్యాహ్నానికి గ్రాస్‌మీర్‌లో వేడి టీ తాగవచ్చు. రోడ్డు చప్పుడు మాత్రం కొంతదూరం వెంటాడుతుంది. గంటన్నర సమయమే ఉంటే ఆంబుల్‌సైడ్ పక్కన స్కెల్‌గిల్ వుడ్‌లోకి ఎక్కి, జెన్‌కిన్స్ క్రాగ్ అనే బండ మీద నుంచి విండర్‌మీర్‌ను చూసి దిగిరండి. లండన్ నుంచి వచ్చేవాళ్ళు బారోడేల్ పట్టుదల ఉంటే పెన్‌రిత్ దాకా రైలు, అక్కడి నుంచి కెజిక్‌కు బస్సు పట్టుకోవాలి. కెజిక్‌కు రైలు 1972లోనే ఆగిపోయింది. ఒక రాత్రి బస లేకుండా లండన్ నుంచి ఈ ప్రయాణం వద్దు.

ఏ నెల, ఏ వాతావరణం

నన్ను ఒక్కటే నెల చెప్పమంటే మే అంటాను. ఓక్ ఆకు అప్పుడే విచ్చుకుని లేత పసుపు పచ్చగా ఉంటుంది, పిట్టలు పాడతాయి, చెట్ల కింద బ్లూబెల్ పూలు నీలం దుప్పటి పరుస్తాయి. ఆ పూలు ఏప్రిల్ చివర్లో మొదలై మే చివరికల్లా తగ్గుతాయి. ఒకసారి తొక్కితే ఆ మొక్క కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఫొటో కోసం పూలలోకి దిగకండి, పిల్లలనూ దించకండి. జులై, ఆగస్టుల్లో అడవి ముదురు పచ్చగా, నిశ్శబ్దంగా ఉంటుంది. గాలి ఆగిన సాయంత్రాల్లో మిడ్జ్ అనే సన్నదోమలు చుట్టుముడతాయి. మన కుటుంబాలు ఎక్కువగా వచ్చేది ఆ నెలల్లోనే కావడం నాకు విచారం. వీసా తేదీలు కుదిరితే అమ్మానాన్నలను మే నెలకే రప్పించండి. అక్టోబరు రంగులు కావాలంటే ఆ నెల చివరి ఆదివారంలోపు రండి. ఆ రోజు గడియారాలు వెనక్కి జరుగుతాయి, ఆపైన సాయంత్రం ఐదు కాకుండానే పొద్దుగూకుతుంది.

వాన పడుతుందని ప్రయాణం మానుకోవద్దు. కొండ ఎక్కేవాళ్ళకు వాన అడ్డంకి. మబ్బులో ఏమీ కనిపించదు. అడవికి వచ్చేవాళ్ళకు వానే వెలుగు. ఎండరోజున నాచు వెలిసినట్టుంటుంది. తడిసిన రోజున లోపల దీపం పెట్టినట్టు పచ్చగా మెరుస్తుంది. కాబట్టి మీకు రెండు రోజులుంటే ఎండ రోజు సరస్సుకు, వాన రోజు బారోడేల్‌కు ఇవ్వండి. గొడుగు కొమ్మలకు తగులుకుంటుంది. మంచి వానకోటు, వెంట ఒక జత పొడి సాక్సులు చాలు. పెనుగాలి హెచ్చరిక ఉన్నరోజు మాత్రం ఏ అడవికీ వెళ్ళకూడదు. 2021 నవంబరులో ఆర్వెన్ తుపాను ఈ ప్రాంతంలో మహావృక్షాలను వేళ్ళతో సహా పడగొట్టింది.

అమ్మ అడిగే ప్రశ్న ఒకటుంటుంది: ‘పులులు, పాములు ఉండవు కదా?’ పులులు లేవు. విషమున్న పాము ఈ దేశంలో ఒక్కటే, ఆడర్. అది మనిషి అలికిడికే తప్పుకుంటుంది. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఫెర్న్ మొక్కల్లో ఉండే చిన్న పిడుదు గురించి. అది కుడితే లైమ్ వ్యాధి రావచ్చు. కాళ్ళు కప్పే బట్టలు వేసుకుని, ఇంటికొచ్చాక మోకాళ్ళ వెనుక, నడుము దగ్గర చూసుకోండి. పిల్లలకు తల వెంట్రుకల్లోనూ చూడండి.

మే నెలలో ఒక్కరోజే ఉండి, పెద్దవాళ్ళూ నడిచేవాళ్ళూ కలిసి వస్తే నేనైతే ఇలా చేస్తాను. తొమ్మిదికల్లా కెజిక్ చేరి, మొదటి లాంచీల్లో ఒకదాన్ని పట్టుకుని, అందరం బ్రాండెల్‌హౌలో తీరికగా నడిచి, ఆ దోసిలి శిల్పం దగ్గర తినేసి తిరిగొస్తాం. ఎండ ముదిరేసరికి అమ్మానాన్నలు కెజిక్‌లో పెన్సిళ్ళ మ్యూజియంలోకి వెళ్తారు. సీత్‌వెయిట్ గనిలో దొరికిన మేలైన గ్రాఫైట్ వల్లే ఈ ఊరికి పెన్సిళ్ళ పేరొచ్చింది, నాన్నగారికి అక్కడ రెండు గంటలు ఇట్టే గడుస్తాయి. నడిచేవాళ్ళం 78 ఎక్కి రాస్త్‌వెయిట్‌లో దిగి, నది వెంట ఓక్ చెట్ల కింద గ్రేంజ్‌కు వస్తాం. అక్కడ 1675 నాటి జంట కమానుల వంతెన పక్కన నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవచ్చు. తిరుగు బస్సు వేళ మాత్రం పొద్దున ఎక్కేటప్పుడే రాసుకోండి, లోయలో ఫోను చెప్పదు.